ఇచ్చోడ దగ్గర ఆగిన బండి

రెండు వేల పద్దెనిమిది డిసెంబర్ ఏడు, శుక్రవారం. ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు తిన్నది ఒకటిన్నర జొన్నరొట్టె, దాని మీద పచ్చిమిర్చీ వెల్లుల్లీ కచ్చాపచ్చాగా దంచిన ఠేచా, పక్కన ఒక ఉల్లిగడ్డ ముక్క. లింగారావుకు తేదీలు గుర్తుండేవి కావు. పెళ్లిరోజు కూడా నిర్మలాదేవి ముందురోజు సాయంత్రం గుర్తుచేస్తే తప్ప తెలిసేది కాదు. అలాంటిది ఈ ఒక్క తేదీ వారంతో సహా ఎందుకు మిగిలిందో, అదీ ఇప్పుడు, ఇచ్చోడ ఇంకా రెండు ఫర్లాంగులుందనగా రోడ్డు పక్కన ఆగిపోయిన కారులో కూర్చుని స్టీరింగు వెనక ఒకేసారి వెలిగిన ఏడు దీపాలను చూస్తున్నప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో అతనికి అర్థం కాలేదు. ఏడో తేదీ, ఏడు దీపాలు, అందుకా? మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది. ఎర్ర త్రికోణం ఒకటి, పసుపుపచ్చ ఇంజను బొమ్మ ఒకటి, జారిపోతున్న కారు, గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం, బ్యాటరీ, స్టీరింగు చక్రం, కుండలాంటిది, ఇంకొకటి ఏమిటో చూపు ఆనలేదు. త్రికోణాన్ని ఎక్కడో చూశాడు. చిన్నప్పుడు ఊళ్లో పంచాయతీ గోడ మీద, మేమిద్దరం మాకిద్దరు అని రాసి ఉన్నచోట. కానీ ఆ త్రికోణం తలకిందులుగా ఉండేది. ఇది నిటారుగా ఉంది. నిటారుగా ఉంటే దేనికి గుర్తు?

తప్పు తనదేనని తెలుసు, ఎక్కడ జరిగిందన్నదే తెలియడం లేదు. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాడు, ప్రతి యుద్ధానికీ తక్షణ కారణం ఒకటి, దీర్ఘకాలిక కారణాలు నాలుగు రాయించినవాడు. తక్షణ కారణం నిర్మల్ ఘాట్‌లో వచ్చింది. మోదుగులు విరగబూసి ఉన్నాయి, ఆకు రాల్చిన టేకు చెట్ల నడుమ ఎటు చూసినా నిప్పు రంగే. అటు చూసి ఇటు తిరిగేసరికి స్టీరింగు వెనక అదే రంగులో ఒక దీపం, కుండలో ఆశ్చర్యార్థకం దాచినట్టు. కుండ అంటే ఏమిటి, నీళ్లా, నూనెనా? పొంగుతుందా, ఎండిందా? ఘాట్ దాటి, నేరడిగొండ దాటి, రోడ్డుకన్నా ఎక్కువగా ఆ కుండనే చూస్తూ, లారీలన్నీ హారన్ కొట్టి దాటిపోతుంటే నెమ్మదిగా వచ్చి, ఇక తట్టుకోలేక ఈ వేపచెట్టు కింద ఆపి, బటన్ నొక్కి బండి ఆర్పాడు. ఫోను మొండికేస్తే ఒకసారి ఆపి మళ్లీ పెడితే బాగవుతుంది కదా, ఇదీ అంతేననుకున్నాడు. మళ్లీ నొక్కితే లోపల ఎక్కడో టకటకమని కొట్టుకుంది, గోడ మీద బల్లి అరిచినట్టు. ఒక్క దీపం పోవడానికి చేసిన పనికి ఎనిమిది దీపాలొచ్చాయి. రావలసింది మాత్రం రాలేదు. ఆకుపచ్చ అక్షరాలతో రెడీ అని రావాలి. అది వస్తేనే బండి బతికి ఉన్నట్టు.

ఈ బండితో ఉన్న చిక్కే అది. మామూలు కారు బతికుందో లేదో చెవికి తెలుస్తుంది. ఇది సగం పెట్రోలు, సగం కరెంటు. ఆగి ఉన్నప్పుడు చప్పుడుండదు, కదిలేటప్పుడూ ఉండదు, కొంతదూరం పోయాక తనకు బుద్ధి పుట్టినప్పుడు ఇంజను మెల్లగా అందుకుంటుంది. పన్నెండేళ్ల కిందట నిర్మలాదేవి పట్టుబట్టి కొనిపించింది. లెక్కల టీచరు, పొద్దంతా పిల్లల గోలలో ఉండి వచ్చేది. మన ఇంట్ల అందరు మాట్లాడేటోళ్లే, బండన్న నోరు మూసుకొని ఉండాలె అన్నది. బండి వచ్చిన మొదటి ఆదివారం ముందు సీట్లో కూర్చుని, పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవకుండా, దానితో వచ్చిన పుస్తకం మొత్తం చదివింది. తాను మాత్రం నడపడం నేర్చుకున్నాడు, అంతే. దీపాలు ఆమె శాఖ. ఆమె పోయి మూడేళ్లు దాటింది. కొడుకు విక్రాంత్ ఈ పాత బండిని తీసేద్దాం బాపూ అని రెండుసార్లు అన్నాడు, మూడోసారి అనబోయి తండ్రి ముఖం చూసి మాట మార్చాడు. అలా మాట మార్చడం కూడా ఒక దయే. ఆ రోజు దాన్ని దయ అని గుర్తించలేదు, ఇప్పుడు రోడ్డు పక్కన గుర్తించి ఏం లాభం? తీసేసి ఉంటే ఈపాటికి కొత్త బండిలో గుడిహత్నూర్ దాటేవాడు.

గడియారం మూడూ నలభై. నాలుగు గంటలకు ఆదిలాబాద్‌లో ఉండాలి. ముప్పై కిలోమీటర్లు పైచిలుకు. ఇవాళ, గురువారం, నాలుగు గంటలకు రమ్మని వనజ చెప్పింది. మా అవ్వ మిమ్ముల చూస్తనంటుంది సార్, వస్తే నాకు ఒక సంగతి తెలుస్తది, రాకుంటే ఇంకో సంగతి తెలుస్తది, ఎందుకు రాలేదో మాత్రం ఫోన్ చేసి చెప్పకుండ్రి అన్నది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అన్నది. అరవై మూడేళ్ల మనిషీ, యాభై తొమ్మిదేళ్ల మనిషీ మిగిలిన రోజులు ఒకే ఇంట్లో ఉండాలా వద్దా అన్నది ఈ నాలుగు గంటల మీద ఆగి ఉంది. తను వేసుకున్న లెక్క ఏమిటంటే, వెళ్లాలి, ఒక గంట కూర్చోవాలి, చాయ్ తాగాలి, పెద్దావిడకు, వనజ తల్లికి, నమస్కారం పెట్టాలి, రాత్రి పదికల్లా కరీంనగర్ చేరాలి. ఆ గంటలో ఏం చెప్పాలన్నది మాత్రం లెక్కలోకి రాలేదు. అవునని చెప్పడానికే బయలుదేరాడా? అలా అయితే కొడుకూ కోడలితో నిర్మల్‌లో పాత దోస్తు ఇంట్లో ఫంక్షన్ ఉందని ఎందుకు చెప్పాడు? కోడలు ఆమని ఏ ఫంక్షన్ మామయ్యా అని కూడా అడగలేదు. సంచి సర్ది చేతికిచ్చింది, జాగ్రత్త అన్నది.

ఆ డిసెంబర్ ఏడున ఉట్నూరు అవతల కొండ కింద ఒక బడి, అందులో పోలింగ్ కేంద్రం. అప్పుడు లింగారావు ఆదిలాబాద్ కాలేజీకి బదిలీ మీద వచ్చి, నిర్మలను కరీంనగర్‌లో వదిలి, ఒంటి గదిలో ఉంటున్న కాలం. ఆ కేంద్రానికి తను అధికారి, వనజ వేలికి సిరా పెట్టే ఉద్యోగి, మామూలు రోజుల్లో సర్కారు బడిలో హిందీ టీచరు. పొద్దున ఏడు నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు, కొండ మీది గూడేల నుంచి కాలినడకన వచ్చినవాళ్లను తిండికోసం ఆపడం ఎలా? రెండున్నరకు వనజ ఎడమచేత్తో డబ్బా మూత తీసి, తినుండ్రి సార్, నేను సిరా చెయ్యితోని తినలేను, మీరన్న తినుండ్రి అన్నది. తిన్నాడు. గోడవైపు తిరిగి, నిలబడి, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తిన్నాడు. ఆ సాయంత్రం పెట్టెలు అప్పజెప్పడానికి వరుసలో కూర్చున్నప్పుడు నిర్మలకు ఫోన్ చేసి అన్నిటికన్నా ముందు ఆ కారం గురించే చెప్పాడు, ఆమె జర ఆ మేడంకు ఇయ్యుండ్రి ఫోన్ అన్నది. ఇద్దరూ రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. మిర్చి వేయించాలా, పచ్చిదే దంచాలా, అంతే. కానీ నిర్మల ఆ గొంతు విన్నది. ఆమెకు తెలియని గొంతు కాదు. ఈ మాట తనకు ఎందుకు ఇంత ఊరటో, ఊరట పడవచ్చో పడకూడదో కూడా అతనికి తెలియలేదు. వాళ్లు మాట్లాడుకున్న రెండు నిమిషాల్లో తన ప్రసక్తి ఒక్కసారి కూడా రాలేదు. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వితే ఎదుట త్రికోణం కొంచెం మసకబారినట్టు కనిపించింది. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మసక కళ్లద్దాలది కాదు, దీపాలదే.

ఫోన్ ఒళ్లో ఉంది. చేస్తే ఎత్తుతుంది. ఏమని చెప్పాలి? ఉన్న నిజం రెండే మాటలు, బండి ఆగింది. ఆ రెండు మాటలే వనజతో అనకూడనివి. ముప్పై మూడేళ్ల కిందట భైంసా నుంచి ఆమెను చూడ్డానికి పెళ్లివారు వస్తామన్నారు. వాళ్ల బాపు నేతపని మనిషి, ఇంట్లో రెండు మరమగ్గాలు, వచ్చినవాళ్లకు ఒకరి మాట ఒకరికి వినపడాలని ఆ రోజు రెండూ ఆపించాడు. మగ్గాల చప్పుడు లేని ఇల్లు ఎట్లుంటదో అప్పుడే మొదటిసారి విన్న సార్ అని చెప్పింది వనజ. పొద్దు గూకేదాకా ఎవరూ రాలేదు, చీకటి పడ్డాక ఎవరో వచ్చి జీపు ఆగిపోయిందట అన్నారు. మళ్లీ ఏ జీపూ రాలేదు. ఇంకో ఏడాది ఇంకోచోటు నుంచి బస్సు దొరకలేదన్న కబురు. తర్వాత బాపు పోయాడు, తమ్ముళ్ల చదువులు, అవ్వ మోకాళ్లు, ఆమె మళ్లీ ఎవరికోసమూ మగ్గం ఆపలేదు. ఒకసారి లింగారావు ఏదో పనిపడి చెప్పిన టైముకు ఫోన్ చేయలేకపోతే మర్నాడు, మీ దొరలకు జీపులెక్కువ గద సార్ అన్నది. అని తనే నవ్వింది. ఆ నవ్వు తరువాత అతను ఒక్కరోజు కూడా టైము తప్పలేదు. ఇప్పుడు తప్పుతున్నాడు. నాలుగూ అయిదు. నాలుగూ ఏడు. దీపాలు ఇంకా సన్నబడ్డాయి. చివరికి త్రికోణం ఒక్కటే ఎర్రటి నలుసులా మిగిలి అదీ ఆరిపోయింది, ఏ దీపమూ లేకపోవడం మంచిదా చెడ్డదా అని అతను చాలాసేపు ఆలోచించాడు.

చెట్టు పక్క చాయ్ కొట్టు ఆవిడ రెండుసార్లు ఇటు చూసి, మూడోసారి స్టీలు గ్లాసులో నీళ్లు పట్టుకుని వచ్చింది. అద్దం దిగలేదు, బటన్ నొక్కినా దిగలేదు, తలుపు తీయాల్సి వచ్చింది. లోపల అంత వేడిగా ఉందని తలుపు తీశాకే తెలిసింది. గంటసేపటి సంది ఎవలకోసం చూస్తున్నరు సారూ అని అడిగింది. బండి లేస్తలేదని చెప్తే, లేవకపోతె చెప్పాలె గద, గట్లనే కూసుంటరా అని కసిరి, కొట్టు ముందర కుర్చీ వేసింది. పేరు కమలవ్వ. ఫోన్ తీసి ఎవరినో హనుమండ్లూ అని పిలిచి, పెద్దమనిషి పరేషాన్‌ల ఉన్నడు, ట్రాక్టరు పని పక్కకు పెట్టి రా అన్నది. వస్తడట, కల్టివేటరు విప్పి పెట్టిండట, ఇగ ఇరవై నిమిషాలు అని చెప్పి చాయ్ పోసింది. అల్లం ఎక్కువ వేసిన చాయ్. గొంతులోకి దిగుతుంటే, ఈ ఇరవై నిమిషాలు తనకు ఇచ్చినవా, తన నుంచి తీసుకున్నవా అని అతనికి అనిపించింది. వెనక్కి తిరిగిపోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. మర్యాద పోదు, అబద్ధమాడినట్టూ కాదు. బండి నిజంగానే ఆగింది. అదే భయంగా ఉంది. ఆ భైంసావాళ్ల జీపు కూడా నిజంగానే ఆగి ఉంటే? ఆ పెళ్లికొడుకు కూడా ఇలాంటి చెట్టు కిందే కూర్చుని చాయ్ తాగి, పొద్దు వాలిందిలే అని వెనక్కి తిరిగి ఉంటే?

బండి ముందు అరలోంచి పుస్తకం తెచ్చుకున్నాడు. మూడేళ్లుగా ఆ అర తెరవలేదు. నాలుగు వందల పేజీలు, అంచుల నిండా నిర్మల పెన్సిలు, పరీక్ష పేపర్లు దిద్దిన చేయి. దీపాల బొమ్మలున్న పేజీలో పసుపు రంగు వాటి పక్కన పోవచ్చు అని, ఎరుపు వాటి పక్కన ఆగాలె అని రాసి ఉంది. రెండు రంగులూ కలిసి వస్తే ఏం చేయాలో రాయలేదు. ఆమె జీవితంలో అలాంటి రోజు రాలేదు కాబోలు. డాక్టరు జబ్బు సంగతి చెప్పిన రోజు కూడా ఆమెకు ఎరుపే వచ్చింది, తికమక లేదు. తికమకంతా తనకే మిగిలింది. కుండ బొమ్మ పక్కన ఏం రాసిందో చూద్దామంటే ఆ పేజీ మీద ఎప్పుడో ఒలికిన చాయ్ మరక పెన్సిలు గీతల్ని తినేసింది. ఎవరు ఒలికించారు? తనే. ఘాట్ ఎక్కుతూ, ఇదే రోడ్డు మీద, ఆమె చదువుతుంటే చాయ్ గ్లాసు అందిస్తూ. ఆమె ఏమీ అనలేదు, కొంగుతో అద్దింది. ఈ పుస్తకం చూస్తూ వనజ దగ్గరికి పోవడం ఏమిటి? లేక చూడకుండా పోవడం ఏమిటి? రెండిట్లో ఏది తప్పు తక్కువ?

హనుమండ్లు టీవీఎస్ మీద వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి, చేతులకు మోచేతి దాకా గ్రీజు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు తలుపు తీసి చూసి, గిది కరెంటుదా పెట్రోలుదా సార్ అన్నాడు. రెండూ అంటే నెత్తి గోక్కున్నాడు. గిసొంటిది ఒక్కటే చూసిన, నాగపూర్ పోయే సేటుది, గా నారింజ రంగు తీగలను మాత్రం ముట్టద్దన్నరు, ముడితె మనిషి మిగలడట అన్నాడు. అయినా బానెట్ ఎత్తాడు. బ్యాటరీ లేదు. ఉండాల్సిన చోట లేదు. వెనక డిక్కీలో ఉంటుందేమోనని అటు పోయాడు, డిక్కీ రాలేదు, అది తెరుచుకోవాలన్నా కరెంటే కావాలి. హనుమండ్లు ఒక అడుగు వెనక్కి వేసి, బండిని పశువును చూసినట్టు చూసి, బ్యాటరీ లేనిది డిక్కీ తెరువదు, డిక్కీ తెరువనిది బ్యాటరీ దొరకదు, ఎవడు చేసిండు సార్ గీ బండిని అన్నాడు. లింగారావు చేతిలో పుస్తకం ఉంది. చదువుతున్నట్టు కాదు, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని తిరగేస్తున్నాడు. రెండు వందల డెబ్బయ్యో పేజీలో పెన్సిలు గీత ఒకటి అడ్డంగా, పైనుంచి కింది దాకా. పక్కన, బ్యాటరీ డిక్కీలున్నది, డిక్కీ తెరువకుంటె గాబరా పడొద్దు, ముందట ఫ్యూజుల డబ్బాల ఎర్ర మూత, దానికింద చిన్న ఇనుప ముక్క, అక్కడ తగిలిస్తె చాలు అని రాసి ఉంది. గాబరా పడొద్దు కింద రెండు గీతలు. ఎవరికి రాసింది? ఆమె గాబరా పడే మనిషి కాదు. లింగారావు ఆ పేజీని హనుమండ్లుకు చూపించలేదు, తనే చదివి వినిపించాడు, హనుమండ్లు ఫ్యూజుల డబ్బా మూత మీదికి వంగాడు.

కమలవ్వ కేకేస్తే ఎదురింటి ట్రాక్టరు వచ్చి ముక్కు ఆనించి నిలబడింది. ట్రాక్టరు బ్యాటరీకీ ఆ ఇనుప ముక్కకూ తీగలు కలిపాక హనుమండ్లు వెంటనే బటన్ నొక్కనివ్వలేదు, పది నిమిషాలు తాగనీయుండ్రి, బాగ దూప మీదున్నది అన్నాడు. ఆ పది నిమిషాల్లో బీడీ వెలిగించి అడగడం మొదలుపెట్టాడు.

"రోజు నడుపుతరా సార్?"

"రోజు కాదు. వారానికి ఒకసారి."

"మరి నిలవెట్టినప్పుడు ఏమన్న చేస్తరా? బ్రేకు తొక్కకుండ బటన్ ఒత్తి, పాటలు పెట్టుకునుడు, ఫ్యాను వేసుకునుడు?"

లింగారావు రోడ్డు వైపు చూశాడు. దీర్ఘకాలిక కారణం. ఇదీ దీర్ఘకాలిక కారణం. ఆరు నెలలుగా రోజూ సాయంత్రం ఆరుకు ఇంటి వాకిట్లో ఈ బండిలో కూర్చుని తలుపు వేసుకుంటున్నాడు. ఇంట్లో కోడలుంటుంది, పక్కింటివాళ్ల కిటికీ ఆనుకుని ఉంటుంది, వనజతో మాట్లాడటానికి ఆ కారు కన్నా మంచి గది దొరకలేదు. బటన్ ఒకసారి నొక్కితే ఫోన్ బండికి కలుస్తుంది, ఆమె గొంతు స్టీరింగు పక్క నుంచి వస్తుంది, చల్లగాలి కూడా కొంచెం వస్తుంది. బండి నడుస్తున్నదనే అనుకున్నాడు. చప్పుడు లేకపోతే ఏమయింది, అది చప్పుడు చేయని బండే కదా. రెడీ అని వచ్చిందో లేదో ఒక్కరోజూ చూడలేదు, ఆ గొంతు వస్తుంటే దీపాలు ఎవరు చూస్తారు?

"ఫోన్ మాట్లాడుత" అన్నాడు చివరికి.

"ఎంతసేపు?"

"గంట. ఒక్కోనాడు గంటన్నర."

హనుమండ్లు బీడీ తీసి అతన్ని కొత్తగా చూశాడు. "గంటన్నరనా. మా ఇంటిదానితోని నేను రెండు నిమిషాలు మాట్లాడితె పెద్ద పండుగ సార్. ఇగ ఎట్ల ఉంటది బ్యాటరీ. పెద్ద బ్యాటరీ మంచిగనే ఉంటది, గీ చిన్నదాన్నే మీరు మాటలతోని పీల్చి పీల్చి చంపిండ్రు." కమలవ్వ కొట్టులోంచి నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. లింగారావుకు చెవులు వేడెక్కాయి. అరవై మూడేళ్ల చెవులు. సిగ్గుపడుతున్నాడా, సంతోషపడుతున్నాడా, అదీ తేల్చుకోలేకపోయాడు.

బ్రేకు తొక్కి బటన్ నొక్కితే దీపాలన్నీ ఒక్కసారి వచ్చి, ఒక్కొక్కటే పోయి, ఆకుపచ్చ రెడీ వచ్చింది. కుండ ఒక్కటి ఉండిపోయింది. అది టైర్ల గాలి సార్, జర తక్కువున్నట్టుంది, దానికేం కాదు, గా పెట్రోల్ బంకుల కొట్టించుకోండ్రి అన్నాడు హనుమండ్లు. అంటే ఆగాల్సిన పనే లేదు. ఘాట్‌లో కుండను చూసి భయపడకపోయి ఉంటే, ఇక్కడ ఆర్పకపోయి ఉంటే, నాలుగింటికి పోయి చేరేవాడు, అక్కడ ఆర్పేవాడు, అప్పుడు అక్కడ లేవకపోయేది. హనుమండ్లు తీగలు చుట్టుకుంటూ అసలు సంగతి చెప్పాడు. ఈ చిన్న బ్యాటరీ పని అయిపోయింది, గిసొంటిది ఆదిలాబాద్‌లో దొరకవచ్చు, అదీ రేపు పొద్దుగాల. అప్పటిదాకా ఎక్కడా ఆపొద్దు, ఆపితే మళ్లీ లేవదు, రాత్రికి ఎక్కడ పండుకుంటరో గాడికి పోయినంకనే ఆర్పుండ్రి. ఆదిలాబాద్ పోయేదుంటే గంట లోపల, ఇంటికి మళ్లేదుంటే నాలుగైదు గంటలు, ఏదైనా ఇక్కడ్నించి ఆపకుండానే. ఇగ మీ ఇష్టం సార్ అన్నాడు.

రాత్రికి ఎక్కడ. గంటసేపు కూర్చుని తిరిగి రావడం అనేది ఇక లేదు. చాయ్ తాగి నమస్కారం పెట్టి ఆలోచించుకుని చెప్తానని లేవడం లేదు. పోతే తెల్లారేదాకా ఉండాలి, ఆ ఇంట్లో, ఆ వీధిలో అందరూ చూస్తుండగా. పోకపోతే ఇంటికి. రాత్రి మాత్రలు లేవుగదా అనుకున్నాడు, బీపీ మాత్ర రాత్రి తొమ్మిదికి వేసుకోవాలి, సంచిలో పెట్టుకోలేదు, కాబట్టి పోలేడు. పెద్ద బరువు దిగినట్టు సంచి తెరిచాడు, లేవని తేల్చుకోవడానికే తెరిచాడు. పైన టవల్, దానికింద లుంగీ, బనీను, ఇస్త్రీ చేసిన చొక్కా, పళ్ల బ్రష్షు, చిన్న డబ్బాలో మాత్రలు, రెండు రాత్రులవి, రెండు పగళ్లవి, వేరువేరుగా కాగితం చుట్టి ఆమని గుండ్రటి అక్షరాలతో రాసి. నిర్మల్‌లో ఫంక్షన్‌కు రెండు రాత్రుల మాత్రలెందుకు? తలుపు వేసుకున్న కారులోంచి వనజ గొంతు ఎంతదూరం వినపడేదో అతను ఎప్పుడూ బయట నిలబడి వినలేదు. ఆరు నెలలుగా వాకిలి అంతా వింటున్నదన్నమాట. ఆరు కాగానే ఆమని వంటింటి కిటికీ ఎందుకు మూసేదో ఇప్పుడు తెలిసింది. వినకూడదని మూసేది. అతను సంచి మూసి, కాసేపు దాని మీద చేయి వేసి ఉంచాడు.

ఫోన్ చేశాడు. బండి నుంచి కాదు, దిగి, చెట్టు కింద నిలబడి. అయిదూ ఇరవై. మోగీ మోగగానే ఎత్తింది.

"వనజ మేడం, బండి ఆగింది."

 రోడ్డు మీద ఒక లారీ పోయింది. పెట్టేసిందేమోనని ఫోన్ ముఖం చూసుకున్నాడు.

"ఏం లైటు వచ్చింది సార్?" అన్నది వనజ.

"అన్ని వచ్చినయి."

"అన్ని అంటె ఎన్ని?"

"ఎనిమిది. ఇప్పుడు పోయినయి. ఒక కుండ ఉన్నది."

"కుండనా" అన్నది. ఆ ఒక్క మాటలో గొంతు మెత్తబడింది. అతను మిగతాది ఒక్క ఊపిరిలో చెప్పేశాడు, ఆపకూడదన్నది, బ్యాటరీ రేపటికి గానీ దొరకదన్నది, వస్తే పొద్దున దాకా ఉండాల్సి వస్తుందన్నది, వీధిలో వాళ్లు ఏమనుకుంటారోనన్నది, ఇక్కడి నుంచి ఆపకుండా కరీంనగర్ కూడా పోవచ్చన్నది. చివరి మాట ఎందుకు చెప్పాడో తెలియదు, దాచి ఉంచడం ఇష్టం లేక చెప్పాడు. వనజ అంతా విన్నది.

"ఇప్పుడు బండి మొకం ఎటున్నది సార్?"

అతను తిరిగి చూశాడు. "ఆదిలాబాద్ దిక్కు."

"అయితే రాండ్రి."

ముప్పై కిలోమీటర్లు ఎలా వచ్చాడో గుర్తులేదు. గుడిహత్నూర్ దగ్గర బంకులో ఆర్పకుండానే గాలి కొట్టించుకోవడం, కొట్టినతను బండి ఆర్పుండ్రి సార్ అంటే చేతులు జోడించడం, కుండ కొంతదూరం దాకా ఉండి ఎప్పుడో చెప్పకుండా పోవడం. పొలాల్లో పత్తికట్టె పీకి కుప్పలు పెట్టారు, వాటి అంచుల మీద పొద్దు. స్పీకరు మూగగా ఉంది. ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే పోతున్నాడు, ఇదివరకు ఎక్కడికీ ఇలా పోలేదు. కాలేజీలో పాఠం సిద్ధం చేసుకోకుండా తరగతిలోకి పోయిన రోజు ఒకటుందా అని వెతుక్కున్నాడు. ఒకటుంది. ఆ రోజు పిల్లలు బాగా విన్నారు.

వీధి చివర ఇల్లు, చెప్పిన గుర్తుల ప్రకారం. చీకటి పడింది. గేటు ముందు నిలిపాడు గానీ ఆర్పలేదు, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి కూర్చున్నాడు. వనజ వచ్చి గేటు అవతల నిలబడి చూసింది, అతను దిగకపోవడం చూసి, చుట్టూ తిరిగి వచ్చి పక్క తలుపు తీసి సీట్లో కూర్చుంది. జుట్టు తను అనుకున్నదానికన్నా ఎక్కువ తెల్లబడింది. ఆరు నెలలుగా స్టీరింగు పక్క నుంచి వచ్చిన గొంతు ఇప్పుడు భుజం పక్క నుంచి వచ్చింది, దానికి కొద్దిగా దగ్గు ఉంది, ఫోన్‌లో ఆ దగ్గు ఎప్పుడూ తెలియలేదు.

"నడుస్తున్నదా, ఆగిందా ఇది?"

"నడుస్తున్నది. రెడీ అని ఉన్నది చూడు." చూడుండ్రి అనలేదు, చూడు అన్నాడు. అన్నాక గానీ తెలియలేదు. వనజ ఆ ఆకుపచ్చ అక్షరాల వైపు వంగి చూసింది.

"ఎందుకు పాడైందట?"

"మనం మాట్లాడినందుకు" అన్నాడు. హనుమండ్లు చెప్పినదంతా చెప్పాడు. ఆమె చప్పుడు చేయకుండా నవ్వింది, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత నవ్వు తగ్గిపోయి, అద్దంలోంచి వీధిని చూసింది. ఎదురింటి అరుగు మీద ఎవరో ఇద్దరు ఇటే చూస్తున్నారు.

"ఆపితె మళ్ల లేవదు" అన్నాడు లింగారావు. "ఇప్పుడు ఆపకుండ మళ్లిపోవచ్చు. నువ్వు ఎట్లంటె అట్ల."

"నేను అనేది ఫోన్లనే అన్న. మీరే అనలే."

 లింగారావు చేయి చాచి బటన్ నొక్కాడు. అన్ని దీపాలూ ఒక్కసారి వెలిగి, పోయాయి. పెద్ద తేడా ఏమీ వినపడలేదు.

లోపలి నుంచి ముసలి గొంతు మరాఠీలో కోణ్ ఆలా అని, వెంటనే తెలుగులో ఎవలే వచ్చింది అని అడిగింది. వనజ తల్లి శంకరవ్వ, ముందుగదిలో నులక మంచం మీద, దుప్పటి మెడదాకా కప్పుకుని. వనజ అతని చేతిలో సంచి అందుకుని, సార్ వచ్చిండవ్వా అన్నది. ముసలామె తల ఎత్తకుండానే అతన్ని కింది నుంచి పైదాకా చూసి, వచ్చినోన్ని నిలవెట్టి మాట్లాడుతవేందే, కాళ్లకు నీళ్లియ్యి అని, రేపు మాట్లాడుత నీతోని అని అతనికి చెప్పి అటు తిరిగి పడుకుంది. నాలుగు నిమిషాల్లో గురక వినిపించింది. లింగారావు గోడ పక్క స్టూలు మీద కూర్చున్నాడు. వనజ వాకిట్లోకి వెళ్లి ఎదురరుగు వాళ్లతో ఏదో రెండు మాటలు మాట్లాడింది, ఏం మాట్లాడిందో వినపడలేదు, మా సార్ అన్న మాట మాత్రం వినపడింది. గేటు వేసి లోపలికి వచ్చింది. అవ్వ నిద్ర చెదరకుండా వీధి తలుపు రెక్కలు రెండూ మెల్లగా దగ్గరికి చేర్చి, చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టింది.